ఎర్ర లైటు మీద తువ్వాలు

2016 జూలై, ఆదివారం. గరివిడి.

ఒక వీడియో గేమ్ కోసం ఈ రోజు అమ్మ మీద అరిచాను. నలభై దాటినవాణ్ని. పక్కింటి పిన్ని గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

గేమ్ ఆపకుండా స్నానానికి వెళ్లాను. గది తుడుస్తున్న అమ్మ గేమ్ పెట్టె మీద చెయ్యి వేసి, కాలుతోందని స్విచ్ కట్టేసింది.

"పొద్దుట్నుంచి ఆడిందంతా పోయింది! తెలీనివి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు సెప్పాల?" అన్నాను.

"ఏటైపోతాదోనని కట్టీసినాన్రా. మల్లీ మొదట్నుంచి ఆడాలేటి?" అంది, తప్పు చేసినదానిలా.

పెట్టె ఆపితే ఆట పోతుందన్న భయం అమ్మకు నా వల్లే వచ్చింది. చిన్నప్పుడు నా క్యాసెట్ గేముల్లో సేవ్ ఉండేది కాదు, పెట్టె ఆపితే ఆట మళ్లీ మొదటికొచ్చేది. అందుకే టీవీ ఒక్కటే కట్టేసి, పెట్టె ఎర్ర లైటు నాన్నకు కనబడకుండా తువ్వాలు కప్పి బడికి పోయేవాణ్ని. సాయంత్రం దాకా అమ్మే కాపలా. నాన్న అటు వెళ్లబోతే ఏదో పని చెప్పి బయటికి పంపేసేది.

ఇప్పటి ఆటలు వాటంతటవే సేవ్ అవుతాయి. అరుస్తున్నప్పుడు కూడా ఆ సంగతి నాకు తెలుసు. మళ్లీ ఆన్ చేస్తే ఆపిన చోటే ఉంది. అమ్మకి మాత్రం చెప్పలేదు.

మధ్యాహ్నం అమ్మ సరిగ్గా తినలేదు. సాయంత్రం టీ ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడి మెల్లగా అడిగింది.

"పోయినదాంట్లో ఎంతవరకొచ్చినావురా?"

ఇంకా సగం ఉందన్నాను.