మందిరానికి మాటిచ్చిన సొరకాయ

ఆగస్టు 17, 1998. సోమవారం

బెండ పోయింది. మొలిచిన నాలుగూ పక్కింటి వెంకట్రావు గారి మేక నమిలింది. అడిగితే, "అయ్యయ్యో, కంచె వేసుకోవాలి కదండీ!" అంటాడు. మేక ఆయనది, కంచె నేను వేయాలి!

అసలు కోపం అది కాదు. నిన్న మందిరంలో ప్రసంగిస్తుంటే... నోరు జారిందా? లేదు, ఆత్మే పలికించింది. కోత పండుగకు అంగట్లో కొన్న కూరగాయలు తెచ్చేవాళ్ళను ఉతికి ఆరేశాను. దేవునికి మీ చేతి తొలి ఫలం కావాలి, అంగడి సరుకు కాదు అన్నాను. వెనక చాప మీంచి ఎల్లవ్వ లేచింది. "మరి నువ్వేం తెస్తవయ్యా? నీకు మాటలే గద పంట!" అందరూ నవ్వారు. "సొరకాయ తెస్తాను, నా చేత్తో పెట్టింది" అన్నాను. పైన ఆమెన్ కూడా.

పండుగ నవంబరు ఎనిమిదిన.

ఇంటికొచ్చాక మా ఆవిడ సుశీల: "సొరకాయ ఎట్ల కాస్తదో ఎరుకేనా నీకు?"
"దేవుడు కాయిస్తాడు."
"అయితే గింజలు గూడ ఆయన్నే పెట్టుమను."

ఆగస్టు 19

గింజలు పెట్టాను, బావి గట్టు పక్కన. కార్తె మారేదాకా ఆగమంది సుశీల. నేను నక్షత్రాలకు మొక్కేవాణ్ణి కాదు అన్నాను. "మొక్కుమన్ననా? వాన జోరు తగ్గనియ్యి అన్న."

ఆగస్టు 23

వాన. గింజలు మోరీలోకి కొట్టుకుపోయాయి.

ఆగస్టు 29

మళ్ళీ పెట్టాను. సుశీల ఆకాశం వంక చూసి లోపలికి పోయింది. ఆ చూపే నాకు ఒళ్ళు మంట.

సెప్టెంబరు 9

రెండాకులు! నీనెవె పట్టణం బయట అలిగి కూర్చున్న ప్రవక్తకు ఒక్క రాత్రిలో తల మీద నీడయ్యేంత సొరతీగ మొలిపించావు ప్రభూ. నాకు పదకొండు రోజులకు రెండాకులా. సరే. స్తోత్రం.

అక్టోబరు 12

పందిరి నిండింది. సాయంత్రమైతే తెల్లటి పూలు. సుశీల చెల్లెలి కాన్పుకని బీర్కూర్ పోయింది. చూసేవాళ్ళు లేరు... ఎల్లవ్వను పిలిచి చూపిద్దామా అనిపించింది. గర్వం. వద్దు.

అక్టోబరు 15

పరీక్షగా చూశాను. కొన్ని పూల కింద చిన్న పిందె ఉంది. చాలావాటికి లేదు — పొడుగు సన్నకాడ, పైన తెల్లటి డాబు, అంతే. సంఘంలోనూ ఉన్నారు ఇలాంటివాళ్ళు. ఫలించని కొమ్మను తోటవాడు తీసి పారేస్తాడని ఎన్ని ఊళ్ళలో బోధించలేదు! కత్తెర తెచ్చాను. ఒక్కటి వదల్లేదు.

ఇక తీగ బలమంతా పిందెలకే.

అక్టోబరు 18

రోజూ పొద్దున్నే కత్తెర. మొగ్గలు కూడా.

అక్టోబరు 23

పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలుతున్నాయి. డాబు పూలు కాదు, పిందె ఉన్నవే! ఎరువు వేశాను. నీళ్ళు పోశాను. ఉపవాసం కూడా ఉన్నాను. ఇంకేం కావాలి దీనికి?

అక్టోబరు 28

సుశీల వచ్చింది. సంచి భుజాన ఉండగానే పందిరి కిందికి పోయింది.

"పూలేవి?"
"తీసేశాను. ఫలించనివి."

బావి గట్టు మీద కూలబడింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు! "అయ్యో నా దేవుడా... మొగపూలన్ని తెంపినవా? ఇగ పిందె ఎట్ల నిలుస్తదయ్యా? పెండ్లికొడుకులందర్ని ఎల్లగొట్టి పిల్లలు పుడ్తలేరని ఏడుస్తవేంది?"

"ముందే చెప్పొద్దా?"
"నువ్వు కత్తెర పడ్తవని నాకేమెరుక!"

వాక్యం తప్పు కాదు. వాక్యం కొమ్మ సంగతి చెప్పింది. పువ్వు దాకా లాగింది నేను.

అన్నం తినలేదు.

అక్టోబరు 30

తీగ మీద మొగపువ్వు ఒక్కటీ లేదు. పిందె పువ్వు ఒకటి ఈ సాయంత్రం విచ్చేలా ఉంది. "వెంకట్రావన్న పందిరి మీద మస్తుగున్నయి, పోయి ఒకటి అడుగు" అంది సుశీల. మేకను తిట్టిన నోటితో!

వెళ్ళాను.

"దానికేం భాగ్యమండీ, పది కోసుకోండి. ఇంతకీ ఈసారి మా మేక మీ పూలు ముట్టలేదు సుమండీ!"

నేను నవ్వలేదు. పొద్దు గూకే వేళ పువ్వుకు పువ్వు తాకించాను. ప్రార్థన చేయాలో వద్దో తెలియలేదు. చేశాను, చిన్నది.

నవంబరు 3

నిలిచింది. బొటనవేలంత. చుట్టూ ముళ్ళకంప కట్టాను — వేలు గీసుకుంది, అయినా సరే.

నవంబరు 7

ఎల్లవ్వ అంగడికి పోతూ ఆగింది.

"కాయ ఏపాటి అయిందయ్యా?"
"దేవుని చిత్తం."
"దేవుని చిత్తం గాదు, పొడుగెంతుంది?"

జానెడు కూడా లేదు. పైగా నా చేత్తో పెట్టింది అన్నానే, ఇందులో సగం వెంకట్రావు గారిది. రేపు మందిరంలో అది కూడా చెప్పాలా?

నవంబరు 8. ఆదివారం, పొద్దున

గుమ్మం దగ్గర సంచి. లోపల సొరకాయ, మూరెడు, నిగనిగలాడుతూ. సుశీల నిన్న అంగట్లో కొన్నదట. "ఎందుకైన మంచిదని తెచ్చిన. తీస్కపోతవో లేదో నీ ఇష్టం." అరిచాను. సంచిని మాత్రం అక్కణ్ణుంచి తీయలేదు.

పందిరి కింద నిలబడి వచ్చాను. నూగు కూడా రాలని పిందె. కొనకు ఎండిన పువ్వు ఇంకా అంటుకునే ఉంది. కోస్తే తొలి ఫలమే — పిడికెడు. ఒక్క వారం ఆగితే కూరంత అవుతుంది. ఆగితే ఇవాళ ఖాళీ చేతులు, ఎల్లవ్వ ముందు.

మందిరంలో మొదటి గంట కొట్టారు. కత్తెర బల్ల మీద పెట్టి ఇది రాస్తున్నాను. దాన్ని చూస్తేనే భయం.

సుశీల చెప్పులేసుకుంది. గుమ్మంలోంచి కేక: "ఏం పట్టుకొస్తున్నవయ్యా?"

రెండో గంట...