చీటీలో మూడో పాపం

షికాగో, ఏప్రిల్ 24

దనూతా అక్కా,

బేకరీలో నిలబడే ఈ కవరు చింపి చదువుతావని తెలుసు. ఆగు. చేతులకున్న పిండి కడుక్కుని, కూర్చుని చదువు. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు చేశాను. నీ గొంతు వినగానే ధైర్యం చాలక, డెట్రాయిట్‌లో వానలెలా ఉన్నాయని అడిగి పెట్టేశాను.

మా రెండో తరగతి పిల్లలు మే నెలలో చర్చిలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం, ఆ పవిత్ర రొట్టె, తీసుకుంటారు. దానికి ముందు శనివారం మొదటి పాపసంకీర్తనం, ఒక్కొక్కరూ ఫాదర్ దగ్గర తమ పాపాలు ఒప్పుకోవాలి. మా బడి సంగతి నీకు తెలిసిందే, పొద్దున పోలిష్, మధ్యాహ్నం ఇంగ్లీషు. లెక్కలు ఇంగ్లీషులో చేసుకున్నా పాపాలు మాత్రం పోలిష్‌లోనే చెప్పాలని పోలండ్ నుంచి వచ్చిన తల్లిదండ్రుల పట్టుదల. మన చిన్నప్పటిలాగే ఇక్కడా చీటీలు రాయిస్తాను. వాక్యాలు వద్దు, ఒక్కో పాపానికి గుర్తుగా రెండు మూడు మాటలు చాలు, ఫాదర్‌కి చెప్పేశాక చింపి రేకు డబ్బాలో వెయ్యండి, మీరూ దేవుడూ తప్ప ఎవరూ చూడరు అని మాటిచ్చాను.

నిన్న ప్రార్థన పుస్తకాల మీద పేర్లు రాస్తుంటే ఆస్కర్ పుస్తకంలోంచి చీటీ జారి పడింది. చూడకూడదు. చూశాను. మూడే పాపాలు.

అబద్ధం: మెట్ల సంగతి.
ఇంట్లో కోపం, దెబ్బలు: నా వల్ల.
ఇంట్లో మాట బయట ఎవరికైనా చెప్పాలన్న కోరిక.

ఆ మూడోది రెండుసార్లు చదివాను. ఆస్కర్ ఫిబ్రవరిలో చెయ్యి మెడకి కట్టుకుని బడికొచ్చాడు. గుమ్మం మెట్ల మీద మంచుకి జారాడన్నారు. వాళ్ళ నాన్న జెనోన్ ఇళ్ళకి పైకప్పులు వేసే మనిషి. ఆయన నవ్వితే మా కిటికీలు అదురుతాయి. "వీడికి దేవుడు బ్రేకులు పెట్టడం మర్చిపోయాడు టీచర్‌గారూ!" అంటూ కొడుకు వీపు మీద చరిచాడు. పిల్లాడు ఒక అడుగు ముందుకి తూలాడు. నేనూ నవ్వాను, అక్కా.

అనుమానం ఉంటే చాలు, రుజువు అక్కర్లేదు, టీచరు పిల్లల రక్షణ శాఖకి ఫోన్ చేసి తీరాలి. చట్టం అంతే. కానీ దేవుడి కోసం రాసుకున్న చీటీని దొంగచాటుగా చదివిన మనిషిని నేను. దాన్ని పట్టుకుని ఒక తండ్రి మీద చెప్పనా? ఆయన ఏ తప్పూ చెయ్యకపోతే? చేస్తుంటే, ఈ రాత్రి కూడా వాడు ఆ ఇంట్లోనే పడుకోవాలి కదా?

నా భయానికి అసలు కారణం ఇది కాదు. నీకు గుర్తుందో లేదో, నేను రెండో తరగతిలో ఉండగా నీ కుడి మణికట్టు విరిగింది. గడ్డి అటక నిచ్చెన మీంచి పడ్డావని బడిలో అందరూ అనుకున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. టీచర్ నావైపు తిరిగేలోపే, అడక్కుండానే, చెప్పేశాను. నాన్న నీ చెయ్యి మెలిపెట్టినప్పుడు నేను బల్ల కింద ఉన్నాను, అంతా చూశాను. ఆ వారమే నా మొదటి పాపసంకీర్తనం. ఫాదర్‌కి చెప్పాను. మూడుసార్లు జపం చెయ్యమన్నారు, చేశాను. కడిగేసినట్టే అనుకున్నాను. నీకు మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చెప్పలేదు. నువ్వు ఇప్పటికీ పిండి ఎడమ చేత్తోనే పిసుకుతావు.

ఏం చెయ్యమంటావో రాయి.

నీ చెల్లెలు,
రెనాతా

*

షికాగో, ఏప్రిల్ 30

అక్కా,

నీ ఉత్తరం రెండే వాక్యాలు. "నా మణికట్టు సంగతి తర్వాత. ముందు ఫోన్ ఎత్తు." ఇంకేమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఏమీ లేదు.

ఇంకా ఎత్తలేదు. తిట్టుకో.

మొన్న ఎదితాకి చెప్పాను. మా ఆఫీసు చూసుకునే మనిషి, ఈ బడిలో నాకున్న ఒక్క స్నేహితురాలు. వాళ్ళాయన దూరపు లారీలు నడుపుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కూతురు క్లారా నా తరగతే. పోలిష్‌లో దాన్ని మించినవాళ్ళు లేరు. నీట్‌గా, నిశ్శబ్దంగా ఉంటుంది, ఉక్కపోసినా ఆ నీలం స్వెటర్ విప్పదు. "దానికి చలి ఎక్కువలే" అంటుంది ఎదితా.

తలుపు మూసి చీటీలో మాటలు చదివి వినిపించాను. కాగితాలకి పిన్ను కొడుతున్నదల్లా ఆగిపోయింది.

"ఎవరిది?" అంది.

"ఆస్కర్ పుస్తకంలో ఉంది."

కాగితాల అంచులు సరిచేసింది. తర్వాత ఒక్కసారిగా, "ఇంకా ఆలోచనేమిటే నీకు? ఆ జెనోన్‌గాడి చేతులు చూశావా, పారల్లా ఉంటాయి! నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా" అంది. పసుపు కాగితం మీద ఆ శాఖ ఫోన్ నంబరు రాసి నా సంచికి అంటించింది. చూసి రాయలేదు, నంబరు ఆమెకి నోటికే వచ్చు. ఆఫీసు మనిషి కదా అనుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ బెనిగ్నా దగ్గరికీ వెళ్ళాను. పేరు చెప్పకుండా, ఇలాంటిది ఉంటే ఏం చెయ్యాలని అడిగాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మనకున్నది తొంభైముగ్గురు పిల్లలు, రెనాతా. ఒక్క మాట బయటికి పొక్కితే సెప్టెంబరుకి సగంమంది ఉండరు" అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అయినా నువ్వు నన్ను అడగడానికి రాలేదు, వద్దనిపించుకోవడానికి వచ్చావు. నేను వద్దనను" అంది.

ఈ సాయంత్రం గేటు దగ్గర జెనోన్ కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాడు. పిల్లాడు తండ్రి చెవులు స్టీరింగ్‌లా పట్టుకుని తిప్పుతున్నాడు. "చూశారా టీచర్‌గారూ, నా బండి నడిపేది వీడే!" ఇద్దరూ ఒకేలా నవ్వారు. భయపడే పిల్లాడు అలా నవ్వుతాడా? నవ్వుతాడక్కా. మనం నవ్వేవాళ్ళం. ఆదివారాలు నాన్న భుజమెక్కడానికి నువ్వూ నేనూ కొట్టుకునేవాళ్ళం.

రేపు పొద్దున పిల్లలు రాకముందే చేస్తాను. ఫిర్యాదు ఫారంలో ఆస్కర్ పేరు రాసి ఉంచాను.

రెనాతా

*

షికాగో, మే 10

అక్కా,

ఆ పొద్దున ఏడుంపావుకి ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాను. ఎదితా రాతలోని నంబరు సగం నొక్కాను. తలుపు తోసుకుని ఆస్కర్ వచ్చాడు. పైకప్పు పని తొందరగా మొదలవుతుందని వాళ్ళ నాన్న దింపేసి వెళ్ళాడట.

"టీచర్, నా పాపాలు పోయాయి! పుస్తకంలో పెట్టాను, లేవు."

ఫోన్ పక్కన పెట్టాను. అడగకూడదని తెలుసు. విచారించడం నా పని కాదు. అయినా చీటీ తీసి చూపించాను.

"ఇది నువ్వు రాసిందేనా?"

"రాత నాదే. పాపాలు నావి కావు."

"మరెవరివి?"

"క్లారావి." వాడు చాలా మామూలుగా చెప్పాడు. "నాకు పోలిష్‌లో ఒక్క పాపం కూడా రాదు టీచర్. ఇంగ్లీషులో అయితే బోలెడున్నాయి. చాక్లెట్ ఇస్తే క్లారా చూసి రాసుకోనిచ్చింది."

"అందులో ఏముందో అర్థమైందా?"

"మెట్లు అర్థమైంది. నేనూ పడ్డాను కదా, సరిపోతుందిలే అనుకున్నా. ఎందుకూ, అవి చెడ్డ పాపాలా?"

లేదని చెప్పాను. నీ పాపాలు నువ్వు ఇంగ్లీషులోనే చెప్పుకో, దేవుడికి వస్తుందిలే అన్నాను. వాడు బతికిపోయినట్టు మొహం పెట్టి ఆటస్థలానికి పరిగెత్తాడు.

నేను అలాగే కూర్చున్నాను. నీలం స్వెటర్. పిన్ను కొడుతూ ఆగిపోయిన చెయ్యి. చూడకుండా రాసిన నంబరు. గోడ అవతల ఆఫీసులో ఎదితా కాఫీ పెట్టుకుంటున్న చప్పుడు వినబడుతోంది. వారం రోజులు జెనోన్ చేతులు చూసినదాన్ని, రోజూ నాకు కాఫీ అందించే చేతులు చూడలేదు. గొంతు పెద్దదైతే కొట్టేవాడే అనుకున్నాను. మన నాన్న ఎప్పుడూ గొంతు పెంచలేదని నాకు కదా గుర్తుండాల్సింది?

ఆస్కర్ పేరు కొట్టేసి, క్లారా పేరు రాసి, నొక్కాను. ఆ పసుపు కాగితం చూస్తూనే.

ఆ మధ్యాహ్నమే ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. ఇద్దరూ ఆడవాళ్ళే. క్లారా స్వెటర్ విప్పించారు. ఇంకేమీ రాయను. ప్రస్తుతానికి అత్త దగ్గర ఉంటోంది. ఎదితా ఉద్యోగానికి రావడం లేదు. ఎనిమిదో తారీకున కార్లు పెట్టే చోట నా కోసం నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను.

"నా చేత్తో రాసిచ్చిన నంబరుకే నా మీద ఫోన్ చేశావటే" అంది.

"నేను చదివినప్పుడు నీకు తెలిసిందా?" అని అడిగాను. కారు తలుపు తీసింది. కారు ఎక్కబోతూ ఆగి, "శనివారం దానికి జడ ఎవరు వేస్తారు? గట్టిగా లాగితే ఏడుస్తుంది, మీకెవ్వరికీ తెలీదు" అంది. నేను వేస్తానన్నాను. ఆ నంబరు ఆమె జెనోన్ కోసం ఇచ్చిందో తన కోసమే ఇచ్చిందో ఎప్పటికీ తెలియదేమో. ఎన్నోసార్లు సగం నొక్కి ఆపేసిన నంబరేమో అది.

ఈ రోజే శనివారం. పొద్దున జడ వేశాను, వదులుగా. చర్చిలో పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆస్కర్ చీటీ నిండా ఇంగ్లీషు, వెనక వైపు కూడా. క్లారా నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

"టీచర్, మూడోది నేను చెయ్యలేదు కదా. బయటికి చెప్పింది మీరే. అయినా చెప్పాలా?"

దాని ఎత్తుకి వంగాను. "అది పాపం కాదు క్లారా. నువ్వు చేసినా కాదు. రెండోదీ నీది కాదు. కొట్టెయ్" అన్నాను.

పెన్సిల్ ఇచ్చాను. స్కేలు కూడా అడిగింది. బల్ల మీద పెట్టి, గీత వంకర పోకుండా, రెండూ కొట్టేసింది. మిగిలిన ఒక్క అబద్ధాన్నీ పట్టుకుని ఫాదర్ దగ్గరికి వెళ్ళింది.

అక్కా, నా దగ్గరా ఒకటి మిగిలే ఉంది. ఫాదర్‌కి చెప్పాను, ఉత్తరంలో రాశాను, రెండూ నీ మొహం చూడకుండా చేసినవే. వచ్చే శుక్రవారం రైలుకి టికెట్ తీసుకున్నాను. నువ్వు పిండి పిసుకుతూనే ఉండు, పని ఆపకు. నీ కుడి పక్కన నిలబడి చెబుతాను.

నీ
రెనాతా