కొత్త మిక్సీ వచ్చిందండీ

ఏమండీ,

మీరు వేసిన కేసు గెలిచాం. గ్యారంటీ ఉండగానే కాలిపోయిన మిక్సీకి బదులు ఇవాళ కంపెనీవాళ్లు కొత్తది పంపారు.

ఎన్ని వాయిదాలకు తిరిగారో! రిఫైనరీ డ్యూటీ దిగి, ఆ నూనె బట్టలతోనే మల్కాపురంలో బస్సెక్కేవారు. "పోనీండి, రోలుంది కదా" అంటే, "డబ్బులిచ్చి కొన్నాం, ముష్టెత్తి తెచ్చామేటి? నానొగ్గను" అనేవారు.

ఆఖరి వాయిదా మీరు పోయాక పడింది. నేనొక్కదాన్నే వెళ్లాను. కంపెనీ ప్లీడరు మళ్లీ అదే పాట. కొన్న రోజున నేను పసుపు రాసి బొట్టు పెట్టానట, ఆ తడి లోపలికి దిగి మోటారు కాలిందట. వినియోగదారుల ఫోరం జడ్జిగారు విసుక్కున్నారు. "కిందున్న మీ స్కూటరుకి లేదా బొట్టు? అది నడవడం లేదా?" అన్నారు. మీరుంటే అక్కడే పకపకా నవ్వేసేవారు.

మిక్సీ తెచ్చినతను అట్టపెట్టె విప్పి, "బొట్టెట్టేసి ఓపాలి తిప్పి సూసుకోండమ్మా" అన్నాడు. అంతలోనే నా మొహం చూసి తల దించుకున్నాడు.

బొట్టు పెట్టకుండానే తిప్పాను. బాగానే తిరుగుతోందండీ.