కొండచెరువు మట్టి

అక్కా,

నువ్వు పోయాక మొదటిసారి, నిన్న మీ ప్రొఫెసర్ సంత్రాగాఛిలోని మన రైల్వే క్వార్టర్‌కి వచ్చాడు. బంద్ వల్ల బస్సులు లేకపోతే హౌరా నుంచి నడిచొచ్చాడు.

సిక్కిం కొండచెరువులో చేపపిల్లల్ని వదలొద్దని, వదిలితే నువ్వు కనిపెట్టిన, వెల్లకిలా ఈదే చిన్ని రొయ్యల్ని అవి మిగల్చవని నువ్వెంత చెప్పినా అతను వినలేదు. పదిమంది ముందు నవ్వి, నిన్ను పరిశోధనలోంచి తీసేశాడు. ఇప్పుడక్కడ ఒక్క రొయ్య కూడా లేదట. తానే కనిపెట్టానని పత్రికలో అచ్చేసుకున్న ఆ రొయ్యని చూపించమని విదేశాల నుంచి ఎవరో అడుగుతున్నారట. దాని గుడ్లున్న ఎండుమట్టి నువ్వు ఇంటికి తెచ్చావని అప్పుడు అతనికి గుర్తొచ్చింది.

"ఒక్క చెంచాడు చాలమ్మా," అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నా కూతురు సెప్పినప్పుడు ఇన్లేదు. ఇప్పుడేటి కావాలంట?"

నేను చల్లదనం కోసం ఫ్రిజ్‌లో పెట్టిన గాజుసీసా తెచ్చి అతని ముందు పెట్టాను. ఏళ్లతరబడి ఎండిన ఆ మట్టి కొంచెం తీసి నీళ్లు పోస్తే గుడ్లు పిల్లలయ్యాయక్కా. వెల్లకిలా ఈదుతున్నాయి. అతను సీసాకి మొహం ఆనించాడు. తనివితీరా చూడనిచ్చాను. టీ కూడా ఇచ్చాను.

అప్పుడు చెప్పాను. మిగతా మట్టంతా నీ స్నేహితురాలు శిఖాదీకి ఇచ్చేశానని, చేపలు లేని ఇంకో కొండచెరువులో కలిపి, సంగతంతా నీ పేరుతోనే రాస్తుందని.

"ఆ సీసా అయినా ఇవ్వమ్మా," అని బతిమాలాడు.

ఇవ్వలేదు. నువ్వుంటే జాలిపడి ఇచ్చేసేదానివి. నాకు మాత్రం చాలాకాలానికి హాయిగా నిద్రపట్టింది.

నీ చెల్లి