ఎడమ భుజం కుట్టు

దర్జీగారికి నమస్కారాలు.
నా ఎడమ భుజం దగ్గర కుట్టు పూర్తిగా ఊడిపోయింది. మొదట కుట్టినాయన పెద్ద చదువులే చదివాడు, పని మాత్రం అతుకుల బొంత. శుక్రవారం మనవరాలిని మొదటిసారి ఎత్తుకోవాలి. మీరే నా పరువు నిలబెట్టాలి.
ఇట్లు,
పొడుగాయన (వీధిలో అందరూ అలాగే పిలుస్తారు)
తా.క.: ఇస్త్రీ మాత్రం చెయ్యకండి. పోయినసారి కేకలు పెట్టాను.

పొడుగాయనగారికి,
ఒక్క కోటుకి ఇంత బెంగెందుకండీ? మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. ఊడిన భాగం మాత్రం పార్సిల్ చెయ్యండి, అంచు సరిచేసి ఉంచుతాను. తర్వాత మీరొస్తే ఒంటిమీదే అతికించేస్తాను.
మీ దర్జీ
తా.క.: పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు వెయ్యండి.

దర్జీగారికి,
పంపాను. కలరా ఉండలు గుప్పిట్లో ఉన్నాయి.
పొడుగాయన
తా.క.: దానికి గిలిగింతలెక్కువ.

అయ్యా! బాబోయ్!
పార్సిల్ విప్పాను. ఇప్పుడు కుట్టుమిషను కింద దూరి రాస్తున్నాను. కోటు అనుకున్నానండీ, చెయ్యి అనుకోలేదు! అది బల్లమీద పాక్కుంటూ వెళ్ళి కత్తెర అందుకుంది. నా పీకకే అనుకున్నాను. నేను సగంలో వదిలేసిన చొక్కా గుడ్డ కత్తిరించింది, ఒక్క వంకర లేకుండా! దగ్గరికెళ్తే నా వంకర సుద్దగీత చూపించి, స్కేలుతో వేళ్ళమీద ఒక్కటిచ్చింది.
అప్పుడు చూశాను, బొటనవేలి మీద కత్తెర మచ్చ. అయ్యా, అది మా నాన్న చెయ్యి. ఆయనది ఎడమచేతి వాటం. ముప్పయ్యేళ్ళ కిందట పోతూ ఒంటిని వైద్య కళాశాలకి రాసిచ్చారు. ఇప్పుడు తిరిగివ్వాలంటే ఏడుపొస్తోంది.
దర్జీ
తా.క.: ఇంకా తిడుతూనే ఉన్నారు. వేళ్ళతోనే.

బాబూ,
నీ ఉత్తరం చూసి నిలువునా నీరైపోయాను. మీ నాన్నగారిని నువ్వే ఉంచుకో. పాపని ఎవరైనా ఒళ్ళో పెడతారులే, ఒంటిచేత్తో ఎత్తుకోలేను.
పొడుగాయన
తా.క.: నన్ను కుట్టినాయన ఆ కళాశాలలోనే పనిచేసేవాడు. నా మిగతా అవయవాలు ఎవరెవరివో తలుచుకుంటే ఇప్పుడు నాకే భయమేస్తోంది.

అయ్యా,
మీ ఉత్తరం వచ్చినప్పట్నుంచీ నాన్న వేళ్ళతో బల్ల బాదుతున్నారు. చెప్పిన తేదీకి పని అందకపోతే ఆయన భోజనం కూడా చేసేవారు కాదు. గురువారం పొద్దున్నే రండి, డబుల్ కుట్టు వేస్తాను. కళ్ళు మూసుకునే.
దర్జీ

బాబూ,
అందరి ముందూ పాపని ఎత్తుకున్నాను. కుట్టు చెక్కుచెదరలేదు. కానీ ఎడమచెయ్యి నా మాట వినలేదు. పాపకి మెడనుంచి మోకాళ్ళదాకా జానలు వేసి కొలిచింది. మా అమ్మాయి కెవ్వుమంది, పాప మాత్రం నవ్వింది. తర్వాత ఆ చెయ్యే కలం లాక్కుని ఈ కింది ముక్క రాసింది. నాకేం సంబంధం లేదు.
పొడుగాయన
తా.క.: గౌను. పొడవు జానెడున్నర. పెరిగే పిల్ల, మడతలో గుడ్డ వదులు. గీత తిన్నగా గియ్యరా.