పంపు చావలేదు నాన్నా

నాన్నా, నేను వచ్చేదాకా ట్రాక్టర్ జోలికి వెళ్లకు. పైకి లేచి ఆగిపోయిన ముందు బకెట్ జారి పడకుండా పొద్దున్నే దాని కింద దుంగలు పెట్టాను, కదపకు. బకెట్‌ని ఎత్తే పంపు చచ్చిపోయిందని కనపడినవాళ్లందరికీ చెప్పి, దాని నోట్లో డబ్బాడు ఆయిల్ కూడా పోశావు. పంపు నిక్షేపంలా ఉంది. ఇంజిన్ నుంచి దాన్ని తిప్పే కప్లింగ్ పళ్లు అరిగిపోయి అది తిరగడం మానేసింది, అంతే. కొత్త కప్లింగ్ తేవడానికి వెళ్తున్నాను, సాయంత్రం ఇద్దరం కలిసి బిగించేద్దాం. స్పానర్ల పెట్టె కోసం ఇల్లంతా వెతక్కు, నాతో తీసుకెళ్తున్నాను. నీ సంగతి నాకు తెలీదా.

అన్నట్టు, నిన్న నువ్వు బకెట్ కింద తల దూర్చి, టార్చ్ పట్టుకున్న నన్ను, దాన్ని ఎందుకలా వణికిస్తున్నావని కసిరావు. చలేస్తోందన్నాను. నాకు చలెయ్యలేదు నాన్నా.