వెలిగే మందు

అక్కకు చెల్లి ప్రేమతో నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, మీ మరిదీ, పిల్లా కులాసా. అక్కడ మీరంతా కులాసాయేనని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. ఎలా రాయను?

పిల్లకి ముందు పన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది. ఇప్పుడు సైకిల్‌ని "థైకిల్" అంటోంది. మీ మరిది పదే పదే అనిపించి మరీ నవ్వుతున్నారు.

ఇక నీ అసలు ప్రశ్న. "మొదటి ఆపరేషన్లో డాక్టరుగారికి కనపడక గడ్డ కాస్త మిగిలిపోయిందట. నువ్వు చేసే వెలిగే మందు ఈసారి నాకెక్కిస్తే ఆయనకు తేలిగ్గా కనపడుతుంది కదే?" అని రాశావు.

కనపడుతుందక్కా. అదే నా బాధ. మేం చేసేవి కంటికి ఆనని రేణువులు. లోపల ఖనిజం, పైన గడ్డకు అతుక్కునే పూత. ఎలుకకు ఎక్కించి కిరణం వేస్తే గడ్డ అంచు గీత గీసినట్టు ఆకుపచ్చగా వెలుగుతుంది.

నీకు చెప్పకూడదనుకున్న మాట ఒకటుంది. మొన్న ఒక సీసా సంచిలో వేసుకుని బయలుదేరాను. ల్యాబ్ గుమ్మంలో మా పెద్ద మేడమ్ ఎదురైంది. నా ముఖం చూసే కనిపెట్టేసింది. కేకలేయలేదు.

"ఎవరికమ్మా?"

"మా అక్కకండీ."

"పనయ్యాక అవి ఒంట్లోంచి ఎలా పోతాయో నీకు తెలుసా?"

తెలియదు. నెలల కిందట ఎక్కించిన ఎలుకల కాలేయాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. కొన్ని ఎలుకలు తిండి మానేశాయి. ఎందుకో మాకెవరికీ అంతుపట్టలేదు.

"తెలిసుంటే నేనే ఇచ్చి పంపేదాన్ని," అంది మేడమ్. సీసా నేనే తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశాను. మెట్లమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అది మనుషులకు పనికొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. నీ ఆపరేషనేమో వచ్చే వారం.

బావగారు ఫోన్ చేసినా అందుకే ఎత్తలేదు. ఆయన్ని కోపగించుకోవద్దని చెప్పు.

సెలవు పెట్టాను. ఆదివారం బండికి వస్తున్నాను. బట్టలు తప్ప ఏమీ తేవడంలేదు. ఆపరేషన్ గదిదాకా నీ చెయ్యి పట్టుకుని నడుస్తాను. ఆ తలుపు మూసుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదక్కా.

ఇట్లు,
నీ చిట్టి చెల్లి